పొట్టి రాడ్డు, పొడుగు రాడ్డు

శాంసన్ గాజు బల్ల మీద పచ్చ మఖమల్ గుడ్డ పరిచి, దాని మీద రెండు పొడుగు రాడ్లు పక్కపక్కన పెట్టాడు. పొట్టి రాడ్డును మాత్రం గుడ్డ అంచు దాటించి ఉత్త గాజు మీద పెట్టాడు. అమ్మదలుచుకున్న సరుకును ఎక్కడ పెట్టాలన్నది ఎంత ముఖ్యమో, అమ్మదలుచుకోని సరుకును ఎక్కడ పెట్టాలన్నదీ అంతే ముఖ్యం. చీరాల బట్టల కొట్టులో గుమాస్తాగా ఉన్నప్పుడు అబ్బిన ఈ విద్య, సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో తుపాకీ సామాను దగ్గర కూడా అలాగే పనిచేస్తోంది.

బల్లకు అవతల నాసిర్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. సైన్యంలో కెప్టెన్‌గా దిగిపోయి, బ్యాంకుల డబ్బు చేరవేసే కంపెనీలో ఇప్పుడు కాపలావాళ్ల మీద పెద్దగా ఉన్నాడు. కువైట్ యుద్ధం అయ్యాక బ్యాంకులు పెరిగాయి, డబ్బు బళ్లు పెరిగాయి. వాళ్ల పిస్తోళ్లు మాత్రం పాతవే.

"ఏది మంచిదో నువ్వే చెప్పు," అన్నాడు నాసిర్.

"చూడగానే మీకే తెలుస్తుంది కెప్టెన్," అని శాంసన్ ఒక పొడుగు రాడ్డు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. బరువు తెలియడానికి కాసేపు మాట్లాడకుండా ఊరుకున్నాడు.

పిస్తోలు కాలిన ప్రతిసారీ దాని పై భాగం వెనక్కి దూకుతుంది. దాన్ని మళ్లీ ముందుకు నెట్టేది లోపలి స్ప్రింగు. స్ప్రింగు మెలిపడకుండా దాని నడిమధ్యన ఉండే ఉక్కు కడ్డీయే ఈ రాడ్డు. పొట్టిది చిటికెన వేలంత ఉంటుంది. స్ప్రింగు మొదలును కాస్త పట్టుకుని వదిలేస్తుంది. పొడుగుది స్ప్రింగు కొస దాకా వెళ్లి, గొట్టం కింద ఉన్న మూతలోని రంధ్రంలోంచి వెండి గుండీలా మెరుస్తూ బయటికి కనబడుతుంది.

"యుద్ధంలో హఫర్ అల్ బాతిన్ శిబిరంలో ఉండగా ఒక అమెరికన్ మేజరు తన సొంత పిస్తోలు చూపించాడు," అన్నాడు నాసిర్. "ఇలాంటిదే ఉంది దానికి. పోటీల్లో కాలుస్తాడట. ఎంత మెత్తగా ఆడిందనుకున్నావు!"

"మూతి దగ్గర బరువు ఉంటుంది కాబట్టి చెయ్యి పైకి లేవదండి. స్ప్రింగు లోపల రాసుకోదు. పైగా చూసేవాడికి మీ కంపెనీ కొత్త సరుకు వాడుతోందని తెలుస్తుంది."

చివరి మాటకు నాసిర్ మీసం కదిలింది. ఏ మాటకు మీసం కదులుతుందో అక్కడితో ఆపెయ్యాలి. శాంసన్ ఆపేశాడు.

"మంగళవారం కొండ దగ్గర మావాళ్లకి పరీక్ష ఉంది. అప్పటికి పిస్తోళ్లన్నిటికీ పొడుగువి బిగించి తీసుకురా. నచ్చితే బుధవారం సంతకం," అని నాసిర్ లేచాడు.

ఆయన కారు కదిలేదాకా ఆగి, గది మూల తివాచీ మీద కూర్చున్న అబూ సుల్తాన్ నోరు విప్పాడు. ఈ దుకాణం ఆయనది. శాంసన్ ఇకామా అనే నివాస కార్డు మీద కఫీల్‌గా, అంటే పూచీపడ్డ యజమానిగా, ఉన్న పేరు కూడా ఆయనదే.

"బుధవారం నాసిర్ సంతకం పెట్టిన కలంతోనే నీ తనాజుల్ మీద నేను సంతకం పెడతాను. నా మాట."

శాంసన్ తల ఊపాడు. తనాజుల్ అంటే, ఈ మనిషిని నేను వదులుకుంటున్నాను, ఇంకొకరు తీసుకోవచ్చు అని కఫీల్ రాసిచ్చే కాగితం. అదుంటే జుబైల్‌లో భార్య మణి నర్సుగా చేసే ఆసుపత్రిలోనే స్టోరుకీపరుగా చేరవచ్చు. అక్కడివాళ్లు తీసుకుంటామన్నారు. ఫ్యామిలీ క్వార్టరు కూడా ఇస్తామన్నారు, నెలాఖరులోగా కాగితం తెస్తే. తేకపోతే ఆ క్వార్టరుకు వరసలో ఇంకో జంట ఉంది. ఒకే దేశంలో ఉంటూ, మధ్యలో ఎడారినంతా పెట్టుకుని, మొగుడూ పెళ్లాం టెలిఫోన్ కేబిన్లలో కాపురం చేస్తున్నారు.

వెనక గదిలో లేతు మిషను ఆగింది. బుచ్చన్న నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి. ఇనుము ఏదైనా ఆయన చేతికి రావలసిందే.

"ఏందట సేటు? ఏది గావాల్నట కెప్టెనుకు?"

శాంసన్ సేటు కాడు, ఆయన లాగే జీతగాడు. అయినా కౌంటరు వెనక కూర్చుంటాడని బుచ్చన్న పెట్టిన పేరు అది.

"పొడుగుది. ఒక్క ముక్కదా, రెండు ముక్కలదా అన్నది నువ్వు తేల్చు."

బుచ్చన్న రెంటినీ పట్టుకుపోయాడు. సాయంత్రం దాకా ఒక పాత పిస్తోలుకు మార్చి మార్చి బిగించి, గుంజి వదిలి, గుంజి వదిలి చూశాడు. రెండు ముక్కలది మధ్యలో మర తిప్పి కలిపేది. విప్పడం సులువు, కానీ చిన్న తాళంచెవి లాంటి పనిముట్టు కావాలి. ఒక్క ముక్కది విప్పేటప్పుడు కాస్త సతాయిస్తుంది.

"రెండు ముక్కలది వద్దు," అన్నాడు చివరికి. "గుంజంగ గుంజంగ మర వదులైతున్నది. రేపు రోడ్డు మీద ఊడిపడితే నిన్నూ నన్నూ పట్టుకొని తంతరు. ఒక్క ముక్కదే వెయ్యి."

శాంసన్ రెండు ముక్కల రాడ్డును పెట్టెలో పెట్టేశాడు. బల్ల మీద పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి మిగిలాయి.

*

మర్నాడు దుకాణం తెరిచేసరికే మబ్బు వీధిలోకి దిగి, ఎదుటి బ్యాంకు బోర్డు సగం మాయమైంది. ఆ మబ్బులోంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. మీద ఉన్నిశాలువా, నడుముకు కంపెనీ బెల్టు, గడ్డంలో అక్కడక్కడా నెరసిన వెంట్రుకలు. పేరు ఆయిద్. డబ్బు బండి కాపలావాళ్లలో పెద్దవాడు. ఖఫ్జీ పోరులో ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. అంగీ చేతిని అక్కడికి మడిచి పిన్నీసు పెట్టుకుంటాడు.

అబూ సుల్తాన్ లేచి ముక్కూ ముక్కూ ఆనించి పలకరించాడు. ఇద్దరిదీ ఒకే తెగ. శాంసన్ కాఫీ కూజాను ఎడమ చేత్తో ఎత్తి, కుడిచేత్తో ఫింజాన్ అందించాడు. పిడిలేని ఆ చిన్న కప్పును ఆయిద్ వేళ్ల కొసలతో పట్టుకుని తాగాడు. మళ్లీ పోస్తే మళ్లీ తాగాడు. చాలనిపించాక ఫింజాన్‌ను అటూ ఇటూ ఊపి తిరిగి ఇచ్చాడు. ఊపితే చాలని అర్థం. ఊపకుండా ఇస్తే పోస్తూనే ఉండాలి. కొత్తలో ఆ సంగతి తెలియక శాంసన్ ఒకసారి ఎనిమిది ఫింజాన్లు తాగాడని బుచ్చన్న ఇప్పటికీ నవ్వుతాడు.

"కెప్టెన్ పంపాడు. కొత్తది చూడమన్నాడు," అన్నాడు ఆయిద్.

ముందు తన పిస్తోలు తీశాడు. తూటాల గూడు తీసి బల్ల మీద పెట్టి, లోపల ఏమీ లేదని ముగ్గురికీ చూపించాడు. తర్వాత పిస్తోలు ముందు భాగాన్ని, గొట్టం కిందుగా, బల్ల కొయ్య అంచుకు ఆనించి పిడిని ముందుకు నెట్టాడు. పై భాగం వెనక్కి వెళ్లి, వదలగానే టక్కున ముందుకు వచ్చింది. రెండు చేతులున్నవాడు ఎడమ చేత్తో లాగే పనిని ఆయన బల్ల అంచుతో చేయించాడు. ఒక ఊపిరిలో అయిపోయింది. ఆయన కళ్లు పిస్తోలు మీద కూడా లేవు, వీధి మీద ఉన్నాయి.

తర్వాత బుచ్చన్న బిగించిన కొత్తది తీసుకున్నాడు. అదే అంచు, అదే నెట్టుడు. కదలలేదు. పై భాగం వెనక్కి జరగబోయేసరికి పొడుగు రాడ్డు కొస మూతలోంచి బయటికి పొడుచుకొచ్చి కొయ్యకు తన్నుకుంది. ఆయిద్ ఇంకొంచెం పక్కగా ఆనించాడు. జారిపోయింది. భుజం బలం పెట్టి నెట్టాడు. కొయ్య మీద గుండ్రటి గుంట పడింది, పిస్తోలు మాత్రం కదలలేదు.

ఆయన దాన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు. పడిన గుంటను బొటనవేలితో రుద్దాడు, చెరిగిపోతుందేమోనన్నట్టు.

"మంచి సరుకు. నాకు పనికొచ్చేది కాదు," అన్నాడు.

"వెనక గురి చూసే ముక్కను బెల్టుకు తగిలించి గుంజరాదా?" అని బుచ్చన్న తనకు వచ్చిన హిందీ అరబ్బీలో అడిగి, చేత్తో చూపించాడు. ఆయిద్ ప్రయత్నించాడు. పాత పిస్తోళ్లకు ఆ ముక్క చిన్నది, నున్నది. బెల్టు మీంచి జారింది. మోకాళ్ల మధ్య పెట్టుకుంటే వీలవుతుంది. కానీ బ్యాంకు ముందు దొంగ మీద పడితే, కాస్త ఆగు కూర్చుంటానని ఎవరంటారు?

అప్పుడే నాసిర్ వచ్చాడు. ఆయిద్ లేచి నిలబడి, చాలా మర్యాదగా, తన పిస్తోలుకు మాత్రం పాత రాడ్డు ఉంచమని అడిగాడు.

"అందరికీ ఒకటే సరుకు ఆయిద్. ఒకడికి వేరుగా పెడితే రేపు ఇంకొకడు అడుగుతాడు." నాసిర్ గొంతులో కోపం లేదు. "మంగళవారం పరీక్షలో పిస్తోలు సిద్ధం చేసుకోలేనివాడికి గేటు దగ్గర కుర్చీ ఉంది. జీతం కొంచెం తగ్గుతుంది. నీకు విశ్రాంతి."

తూటాను గొట్టంలోకి ఎక్కించకుండా పిస్తోలును బెల్టుకు పెట్టుకోవాలని, అవసరం పడ్డప్పుడే లాగి సిద్ధం చేసుకోవాలని ఆ కంపెనీ నియమం. అందుకే పరీక్షంతా ఆ లాగడం మీదే.

"గేటు దగ్గర కాళ్లు నొప్పులున్నవాడిని కూర్చోబెట్టు," అన్నాడు ఆయిద్. "నేను ఇంటికెళ్లి కూర్చుంటాను."

వెళ్లేటప్పుడు శాలువా భుజం మీదికి లాక్కోబోతే ఒక కొస జారింది. బుచ్చన్న అందుకుని కప్పాడు. కారు దాకా కూడా వెళ్లాడు.

తిరిగొచ్చి శాంసన్ ముందు నిలబడ్డాడు. "మనం రాడ్లమ్ముతున్నమా సేటు, ఆయన నౌకరి అమ్ముతున్నమా?"

"నేను జుబైల్ కొంటున్నాను బుచ్చన్నా. కొనేవాడు బేరంలో అవతలోడి మొహం చూడకూడదు."

"చూసినవ్ గద."

"నీ పని చూసుకోవయ్యా," అని శాంసన్ బల్ల మీది గుంటను గుడ్డతో కప్పాడు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక టెలిఫోన్ కేబిన్‌లోకి వెళ్లి మణికి ఫోను చేశాడు. జరిగినదంతా చెప్పాడు. అవతల వార్డులో ఎవరో ట్రాలీ తోస్తున్న చప్పుడు వినబడింది.

"ఏవండీ, మీరిప్పుడు జాలిపడి ఆ ఆర్డరు పోగొడతారా?"

"పోగొడతానని ఎవరన్నారు?"

"మీ గొంతు అంటోంది. క్వార్టరు చూసొచ్చాను ఇవాళ. వంటింట్లో కిటికీ ఉంది. వరసలో ఉన్న షైని వాళ్లు కూడా అదే అడుగుతున్నారు. ముందు కాగితం తీసుకోండి. తర్వాత ఎంత కావాలంటే అంత జాలిపడుదురుగాని."

"సరేలే."

"ఆ చెయ్యి తెగిన మనిషి మందులేమైనా వాడుతున్నాడా? చలికి ఆ చోట పోటు పుడుతుంది. వేడి కాపడం పెట్టుకోమని చెప్పండి," అంది మణి, అంతలోనే. "కాగితం మాత్రం మరిచిపోకండి."

*

సోమవారం బుచ్చన్న, కంపెనీ నుంచి విడతలుగా వస్తున్న పిస్తోళ్లకి పొడుగు రాడ్లు బిగిస్తూ కూర్చున్నాడు. తీసిన పొట్టి రాడ్లను, అలవాటు కొద్దీ, ఒక్కోదానికి నూనె రాసి సత్తు డబ్బాలో వేస్తున్నాడు. డబ్బాలో ఒక్కోటి పడ్డప్పుడల్లా ముందు గదిలో శాంసన్ కనురెప్ప కొట్టుకుంటోంది.

తనకు చెప్పుకోవలసిన లెక్క తను చెప్పుకున్నాడు. సరుకు మంచిది. అబద్ధమేమీ ఆడలేదు. ఒకరికి పనికిరాని చెప్పు ఇంకొకరికి సరిపోతుంది. ఆయిద్‌కు తెగ ఉంది, ఇల్లు ఉంది, గొర్రెలున్నాయి. తనకు ఒక కాగితం కావాలి.

ఎదుటి బ్యాంకు ముందు డబ్బు బండి ఆగింది. శాంసన్ ఆ బండిని రోజూ చూస్తాడు. ఎన్నోసార్లు చూసినదాన్ని ఆవేళ మొదటిసారి చూశాడు. కాపలావాడు దిగాడు. కుర్రవాడు, రెండు చేతులూ ఇనప కడ్డీల్లా ఉన్నాయి. బండి లోపలివాడు బరువైన తోలు సంచి అందించి, దాని గొలుసును ఇతని ఎడమ మణికట్టుకు బిగించి తాళం వేశాడు. కుర్రవాడు కుడిచెయ్యి పిస్తోలు మీద పెట్టుకుని, సంచి బరువుకు ఎడమ భుజం వంగి, మెట్లెక్కి లోపలికి వెళ్లాడు. ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. ఖాళీదైనా గొలుసు మణికట్టుకే ఉంది. బండి ఎక్కాకే తాళం తీశారు.

శాంసన్ కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

బండి దిగింది మొదలు ఎక్కేదాకా ఆ కుర్రవాడికి ఉన్నది ఒకటే చెయ్యి. పిస్తోలుతో పని పడేది ఆ కాసేపే. బండిలో కూర్చున్నప్పుడు రెండు చేతులూ ఉంటాయి, అప్పుడు పిస్తోలుతో పని లేదు. ఆ కంపెనీలో ప్రతివాడూ, పని చేసేంతసేపూ, ఒంటి చేతివాడే. అందరిలోకీ ఒక్క ఆయిద్‌కే ఆ పని వచ్చు.

దీనివల్ల లెక్క సులువు కాలేదు. ఈ సంగతి చెప్పకపోతే బుధవారం సంతకాలు రెండూ అవుతాయి. సరుకు పనికిరాదని తేలి తిరిగొచ్చేనాటికి తను జుబైల్‌లో, కిటికీ ఉన్న వంటింట్లో టీ తాగుతూ ఉంటాడు. చెబితే పొడుగు రాడ్ల బేరం పోతుంది. దానితోపాటు ఏమేమి పోతాయో అబూ సుల్తాన్ మనసుకే తెలియాలి. ఎటు నుంచి కూడినా నోరు మూసుకోవడమే లాభంగా తేలింది. శాంసన్ మళ్లీ మొదటి నుంచి కూడాడు. మెట్ల మీద ఆ కుర్రవాడి వంగిన భుజం లెక్కలో అడ్డం వస్తోంది. వాడిది మణి చిన్న తమ్ముడి వయసు.

వెనక గదిలోకి వెళ్లాడు. "బుచ్చన్నా, పాత బోల్టులూ నట్లూ ఎన్నున్నాయి?"

"సంచెడున్నయ్. ఏంటికి?"

"సంచెడు చాలు. ఆ తోలు సంచిలో పొయ్యి. గొలుసు కూడా ఒకటి చూడు. ఇంకో మాట, ఆయిద్ పిస్తోలు ముట్టుకోకు. అది చివరన బిగిద్దువుగాని."

బుచ్చన్న అతని మొహం చూశాడు. సంచి దులపడం మొదలుపెట్టాడు. కాసేపటికి, "జుబైల్ కొనుడు అయిపోయిందా సేటు?" అన్నాడు.

"తెలీదు. నోరు మూసుకుని బోల్టులు పొయ్యి."

*

మంగళవారం ఊరి బయట కొండ వాలు దగ్గర గాలి చురుగ్గా ఉంది. దూరంగా రాళ్ల మీద కోతులు కూర్చుని చూస్తున్నాయి. కాపలావాళ్లు వరసగా నిలబడ్డారు. తూటాలింకా పంచలేదు. ముందు లాగడం, తర్వాత కాల్చడం. ఒక్కొక్కడూ ముందుకొచ్చి ఎడమ చేత్తో లాగి వదులుతుంటే కొత్త రాడ్ల కొసలు ఎండలో మెరిశాయి. నాసిర్ ముఖం విప్పారింది.

ఆయిద్ వరస చివర్న ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఎవరూ పొమ్మనలేదు, వాళ్లే కాస్త ఎడంగా జరిగారు.

శాంసన్ పికప్‌లోంచి సంచి దింపి, దాన్ని ఈడ్చుకుంటూ నాసిర్ దగ్గరికి వెళ్లాడు.

"కెప్టెన్, ఒక్క మాట. సరుకును వాడే తీరులోనే చూడాలి కదా. మీవాళ్లు సంచి లేకుండా బండి దిగుతారా?"

"దిగరు. ఏం?"

"అయితే సంచితో ఒకసారి చూస్తే నా సరుకు మీద నాకూ ధైర్యం ఉంటుందని."

కుర్రవాళ్ల ఎదుట పరీక్షకు తానే ముందుండడం నాసిర్‌కు ఇష్టం. మణికట్టు చాపాడు. బుచ్చన్న గొలుసు బిగించాడు. నాసిర్ భుజం ఒక్కసారిగా కిందికి వంగింది. కుడి చేతిలో ఖాళీ పిస్తోలు. ఎడమ చెయ్యి పైకి తెద్దామని ఎత్తితే బోల్టుల బరువు గల్లుమని లాగింది. పిస్తోలును పికప్ అంచుకు ఆనించి నెట్టాడు. రాడ్డు రేకుకు తగిలి కీచుమంది. ఇంకో చోట ఆనించాడు. బెల్టుకు తగిలించి చూశాడు. చెమట పట్టింది. వరసలో ఎవడో నవ్వి, వెంటనే దగ్గుగా మార్చాడు.

నాసిర్ చాలాసేపు రాడ్డు కొసనే చూశాడు. తర్వాత తల ఎత్తకుండా, "ఆయిద్, నీది ఇవ్వు," అన్నాడు.

ఆయిద్ వచ్చి తన పిస్తోలు ఖాళీగా ఉందని చూపించి ఇచ్చాడు. నాసిర్ అంచుకు ఆనించి నెట్టాడు. జారింది. ఆయిద్ తన మోచేతితో కెప్టెన్ మోచేతిని కొంచెం లోపలికి జరిపాడు. నాసిర్ మళ్లీ నెట్టాడు. టక్. గాలిలో ఆ చప్పుడు అందరికీ వినబడింది.

"వల్లాహ్," అన్నాడు నాసిర్.

గొలుసు విప్పించుకుని, మణికట్టు రుద్దుకుంటూ వరస వైపు తిరిగాడు. "చూశారుగా? అందుకే సంచితో పరీక్ష పెట్టాలని నేను మొదటినుంచీ అంటున్నాను." శాంసన్‌ వైపు చూశాడు. "అన్నానా లేదా?"

"అన్నారు కెప్టెన్. మీరంటేనే కదా సంచి తెచ్చింది," అన్నాడు శాంసన్. కొనేవాడి పరువు కూడా సరుకుతోపాటు కట్టి ఇవ్వవలసిందే.

"పొడుగువన్నీ తీసెయ్. పాతవి పెట్టు."

"పెడతామండి. రాడ్లు బాగానే ఉన్నాయి కానీ, వాటి మీది స్ప్రింగులు మెత్తబడ్డాయి. చూడండి." శాంసన్ జేబులోంచి పాత స్ప్రింగు, కొత్త స్ప్రింగు తీసి అరచేతిలో పక్కపక్కన నిలబెట్టాడు. పాతది పొట్టిగా కుంచించుకుపోయి ఉంది. "రాడ్డు ఒకసారి కొంటే జన్మకి చాలు. స్ప్రింగు మాత్రం ఏటా మార్చాలి. ఏటా మేమే వచ్చి చూసి మారుస్తాం."

నాసిర్ రెంటినీ వేలితో నొక్కి చూశాడు. మీసం కదిలింది. శాంసన్ అక్కడితో ఆపేశాడు.

ఆ రోజు పరీక్ష ఆగిపోయింది. సంచి పట్టుకుని లాగడం కాపలావాళ్లకు ఆయిద్ నేర్పాలని, నేర్చుకున్నాకే పరీక్ష అని నాసిర్ చెప్పాడు. పికప్‌లో చోటు చాలక బుచ్చన్న తిరుగు ప్రయాణంలో ఆయిద్ కారెక్కాడు.

*

బుధవారం నాసిర్ సంతకం పెట్టాడు. పొడుగు రాడ్ల పెట్టె జెద్దా డీలరుకు వాపసు వెళ్లింది. ఏటా స్ప్రింగులు, ఏటా మరమ్మతు అన్న కాగితం దుకాణంలో మిగిలింది. అబూ సుల్తాన్ దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. ఒకసారి వచ్చి పోయే లాభం స్థానంలో ప్రతి ఏడూ వచ్చే లాభం కూర్చుంది. ఆయన ముఖం వెలిగింది.

శాంసన్ తనాజుల్ కాగితం తీసి ముందు పెట్టాడు. కలం మూత కూడా తీసి పెట్టాడు.

అబూ సుల్తాన్ ఆప్యాయంగా నవ్వాడు. "యా శాంసన్, పోయిన బేరాన్ని ఇలా నిలబెట్టే మనిషిని జుబైల్‌కి పంపి నేనేం చెయ్యను? పొడుగు రాడ్లమ్మితే అన్నాను. నువ్వు అమ్మలేదు. వచ్చే ఏడాది చూద్దాం. జీతం సంగతి మాట్లాడుకుందాం." కలానికి మూత పెట్టి తన జేబులో పెట్టుకున్నాడు.

బాగా అమ్మేవాడికి వచ్చే నష్టం ఇదేనని శాంసన్‌కు అప్పుడు తెలిసింది. వాడిని ఎవరూ వదులుకోరు. కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టాడు. వెనక గదిలో లేతు కాసేపు ఆగి, మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. మణికి ఏ మాటల్లో చెప్పాలా అని ఆలోచిస్తే, వంటింటి కిటికీ తప్ప ఏదీ తోచలేదు.

పొద్దు వాలి, అస్ర్ నమాజయ్యాక ఆయిద్ వచ్చాడు. ఈసారి ఉతికిన తెల్ల అంగీ, కొత్త శాలువా. అబూ సుల్తాన్ ఎదురెళ్లి తీసుకొచ్చి తివాచీ మీద దిండు సర్దాడు. శాంసన్ కూజా ఎత్తి ఫింజాన్ అందించాడు. ఆయిద్ అందుకుని, తాగకుండా, ఎదురుగా తివాచీ మీద పెట్టాడు.

వానల గురించి మాట్లాడారు. గొర్రెల ధర గురించి, నాసిర్ మణికట్టు గురించి మాట్లాడారు. ఫింజాన్ అలాగే ఉంది. మీద ఆవిరి ఆగిపోయింది. అబూ సుల్తాన్ నవ్వులు తగ్గాయి. ఆయన చూపు మాటిమాటికీ ఆ కప్పు మీదికి పోతోంది.

శాంసన్ దూరం నుంచి చూస్తున్నాడు. ఏలకులు తక్కువయ్యాయా? మాటల్లో పడి మరిచిపోయాడా? ఇంటికొచ్చిన మనిషి ముందు కాఫీ చల్లారిపోతుంటే ఊరుకోవడం చీరాలలో పుట్టినవాడికి చేతకాదు. వేడి కాఫీ ఉన్న కూజా పట్టుకుని వెళ్లి, వంగి, చల్లారిన ఫింజాన్ తీయబోయాడు.

"ముట్టుకోకు!"

అబూ సుల్తాన్ గొంతుకు శాంసన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనక గది గుమ్మంలోకి బుచ్చన్న వచ్చి నిలబడ్డాడు. కళ్లతోనే, వెనక్కి రా, వెనక్కి రా అంటున్నాడు. శాంసన్ కూజాతో సహా గోడకు ఆనుకున్నాడు.

అబూ సుల్తాన్ నెమ్మదిగా అడిగాడు. "ఆయిద్, నీ ఫింజాన్ నిండుగా ఎందుకుంది?"

"నీతో ఒక పని ఉంది. అది అయ్యేదాకా తాగను."

"చెప్పు."

"ఈ హిందీవాడిని అతని భార్య దగ్గరికి పంపు."

అబూ సుల్తాన్ గడ్డం నిమురుకున్నాడు. వీధి వైపు చూశాడు. పని కాలేదని తను పోయించిన కాఫీ తాగకుండా ఆయిద్ లేచి వెళ్లాడంటే, రాత్రి ఇషా నమాజులోపు బజారంతా తెలుస్తుంది. తెగలో ముసలివాళ్లు తరతరాలు చెప్పుకుంటారు. ఎన్ని ఏళ్ల స్ప్రింగులు అమ్మినా ఆ మాట తిరిగి కొనుక్కోలేడు. శాంసన్‌ వైపు ఒకసారి చూశాడు, సరుకు బరువు చూసినట్టు.

"తాగు," అన్నాడు చివరికి. "నీ పని అయింది."

ఆయిద్ చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగాడు. చేదుకు కళ్లు చిట్లించి, ఫింజాన్ ముందుకు చాపాడు. ఊపలేదు. వేడిది పొయ్యమని. శాంసన్ కూజా వంచి పోశాడు.

"రాడ్లూ పోయాయి, మనిషీ పోయాడు," అని గొణుక్కుంటూ అబూ సుల్తాన్ జేబులోంచి కలం తీశాడు. "తే ఆ కాగితం. నా మనసు మారకముందే." కానీ గొణుగుడులో పస లేదు. సంతకం మాత్రం నిండుగా, తెగ పేరుతో సహా పెట్టాడు.

ఆయిద్ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే శాంసన్ దగ్గరికి వెళ్లాడు. "చలికి ఆ చెయ్యి నొప్పి పెడుతుందా? వేడి కాపడం పెట్టుకోమంది నా భార్య," అన్నాడు.

ఆయిద్ మడిచిన అంగీ చేతిని చూసుకున్నాడు. "వేడి చేసిన ఉప్పు మూట పెడతాను. నర్సా?"

"నర్సే."

"అయితే పెద్ద మూట పెడతాను," అని నవ్వి వీధిలోకి దిగాడు.

శాంసన్ వెనక గదిలోకి వెళ్లాడు. బుచ్చన్న లేని పనేదో కల్పించుకుని ఆకురాయి రుద్దుతున్నాడు.

"ఆయనకు నువ్వే చెప్పావు."

"నేనేం జెప్పలె. కారుల కూసున్నప్పుడు అడిగిండు, మీ సేటు లాభం ఎందుకు ఇడిసిపెట్టుకున్నడని. ఆమె జుబైల్ల ఉంటదని అన్న. గంతే." ఆకురాయి దింపాడు. "గని ఇంకొంచెమైతే కప్పు తీసేటోనివి గద సేటు! నా పానం పోయింది. కాఫీ మారుస్తడట, కాఫీ!" నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నువ్వు వోతే నాకు తెలుగుల తిట్టెటోడు దొరకడు," అన్నాడు.

"ఫోను చేసి తిడతాలేవయ్యా."

ఆ సాయంత్రం కేబిన్ ముందు వరస పెద్దగానే ఉంది. శాంసన్‌కు తొందర లేదు. జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. కాగితం కరకరలాడుతోంది. వంతు వచ్చాక చెప్పాడు. అవతల మణి ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఎడారి దాటి వచ్చింది.

"నిజంగానా? కఫీళ్లు ఊరికే ఇవ్వరంటారు. ఎంత అడిగాడండీ?"

"ఏమీ అడగలా."

"మరి మనకేం నష్టం రాలేదా?"

శాంసన్ ఒకసారి మొదటి నుంచి కూడి చూశాడు.

"ఒక ఫింజాన్ కాఫీ చల్లారిపోయింది," అన్నాడు. "అంతే."